దొంగ ఎత్తుకుపోలేని ఫోటో

ఇంట్లో ఎవరూ లేరు. గూట్లో ఒక చిన్న కెమెరా ఉంది. ఎదుట ఏదైనా కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా అది. అర్ధరాత్రి దొంగ వచ్చాడు. కెమెరా తన పని తాను చేసింది. వాడి ముఖాన్ని స్పష్టంగా ఫోటో తీసి, తన కడుపులో ఉన్న మెమరీ కార్డులో దాచుకుంది. దొంగ బీరువా తెరిచాడు, నగలు తీసుకున్నాడు, పోతూ పోతూ ఆ కెమెరాను కూడా సంచిలో వేసుకున్నాడు. తెల్లారేసరికి సాక్షీ లేడు, సాక్ష్యమూ లేదు. రెండూ దొంగ ఇంట్లోనే భద్రంగా ఉన్నాయి!

ఈ చిక్కును విప్పటానికి 2007లో ఒక చిత్రమైన వస్తువు బజారులోకి వచ్చింది. తపాలా బిళ్ళంత మెమరీ కార్డు, అందులోనే ఒక రేడియో. ఫోటో తీసిన కొద్దిసేపటికే దాన్ని గాలిలో బయటికి పంపేసే కార్డు అది. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే ఆ తొలి తరం కార్డుల కథ ముగిసింది. అది ఎందుకు పుట్టిందో, ఎందుకు పోయిందో తెలియాలంటే మనం చాలా వెనక్కి వెళ్ళాలి. కదలికను పసిగట్టటం, చూసినదాన్ని గుర్తుంచుకోవటం, గుర్తుంచుకున్నదాన్ని మరోచోటికి చేరవేయటం అనే ఈ మూడు విద్యలూ మూడు వేరువేరు దారుల్లో నడిచి వచ్చి ఆ చిన్న పెట్టెలో కలుసుకున్నాయి.

సింహళపు రాయి

మొదటి విద్య మన పొరుగునుంచే మొదలైంది. 18వ శతాబ్దం తొలినాళ్ళలో డచ్చి వర్తకులు సింహళం (నేటి శ్రీలంక) నుంచి కొన్ని రంగురాళ్ళు ఐరోపాకు తీసుకుపోయారు. వేడి బూడిదలో పెడితే ఆ రాయి బూడిద రేణువుల్ని తనవైపు లాక్కునేది. కాసేపటికి వాటిని విసిరికొట్టేది. అందుకే దాన్ని 'సింహళపు అయస్కాంతం' అని కూడా పిలిచారు. దానికి స్థిరపడిన టూర్మలిన్ అనే పేరు సింహళ భాషలోని మాట నుంచి వచ్చిందే. నిజానికి అది అయస్కాంతం కానేకాదు. 1756లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎపినస్ ఆ రాయిని పరీక్షించి, వేడెక్కినప్పుడు దాని రెండు కొసల్లోనూ ఒకదానికొకటి వ్యతిరేకమైన విద్యుదావేశాలు చేరుతున్నాయని తేల్చాడు. 1824లో స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణానికి పైరోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'పైర్' అంటే నిప్పు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. ఈ స్ఫటికాలు వేడికి స్పందించవు, వేడిలో మార్పుకు స్పందిస్తాయి. ఎంత వేడిగా ఉన్నా ఆ వేడి మారకుండా నిలకడగా ఉంటే అవి మౌనంగా ఉంటాయి. కదలికను పట్టుకోవటానికి ఇంతకంటే అనువైన గుణం ఏముంటుంది?

మన శరీరం చీకట్లో కూడా ఒక రకంగా వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగు కంటికి కనపడదు, అంతే. అవి పరారుణ కిరణాలు. మనిషి చర్మం వెలువరించే పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం 9, 10 మైక్రోమీటర్ల దగ్గర అత్యధికంగా ఉంటుంది. నేటి కదలిక సూచికలో రెండు చిన్న పైరోఎలక్ట్రిక్ పలకలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని విద్యుత్తు ధనమైతే రెండోదానిది ఋణమయ్యేట్టు వాటిని ఎదురుబొదురుగా కలుపుతారు. ఎండ పడినా, గది మొత్తం వేడెక్కినా రెండూ ఒకేలా స్పందించి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మనిషి అడ్డంగా నడిచినప్పుడు మాత్రం ముందు ఒక పలక, తరవాత రెండోది వేడెక్కుతాయి. విద్యుత్తు పైకి లేచి కిందికి దిగుతుంది. 'ఎవరో కదిలారు' అని ఆ పరికరానికి అర్థమయ్యేది అప్పుడే.

పైన గుమ్మటంలా కనిపించే తెల్లటి ప్లాస్టిక్ మూత ఉత్త మూత కాదు, కటకం. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1820లలో దీపస్తంభాల కోసం తయారుచేసిన మెట్ల కటకానికి అది మునిమనుమరాలు. గదిని విసనకర్ర మడతల్లా విభజించి ఒక్కొక్క మడత నుంచి వచ్చే వేడిని పలకల మీదికి చేరుస్తుంది. దీన్ని గాజుతో చేస్తే పనికిరాదు. ఈ కిరణాలను మామూలు గాజు అడ్డుకుంటుంది. అందుకే కిటికీ అద్దం వెనక పెట్టిన సూచిక బయట తిరిగే మనిషిని కనిపెట్టలేదు.

దీనికి మన ఎండలు పెట్టే పరీక్ష మరొకటి ఉంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గోడలు మన ఒంటి వేడి అంత వేడెక్కుతాయనుకోండి. అప్పుడు మనిషికీ గోడకూ తేడా ఉండదు. తేడా లేకపోతే మార్పు లేదు, మార్పు లేకపోతే సూచికకు పని లేదు. చలిదేశాల్లో చక్కగా పనిచేసిన పరికరం ఇక్కడ మండువేసవి మధ్యాహ్నం మందకొడిగా మారటానికి కారణం ఇదే. దొంగకు ఈ భౌతికశాస్త్రం తెలియకపోవటం మన అదృష్టం.

తీగ తగిలితే చాలు

ఈ సూచికలు రాకముందే తనంతట తాను ఫోటో తీసుకునే కెమెరా వచ్చేసింది. అది ఇంటి కోసం కాక అడవి కోసం వచ్చింది. జార్జ్ షిరాస్ అనే అమెరికన్ న్యాయవాది మొదట వేటగాడు. తరవాత తుపాకి దించి కెమెరా పట్టాడు. జింకలు నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, ఆ తీగ లాగితే కెమెరా తెరుచుకుని మెగ్నీషియం పొడి భగ్గున మండేలా అమర్చాడు. ఆయన తీసిన 74 ఫోటోలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జులైలో ప్రచురించింది.

ఆ పద్ధతిని మన దేశంలో పులుల మీద ప్రయోగించినవాడు ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్. ఆయన అప్పటి సంయుక్త రాష్ట్రాలలో (నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్) అటవీశాఖ అధికారి. 1920లలో ఆయన తీసిన పులుల రాత్రి ఫోటోలు 1927లో పుస్తకంగా వచ్చాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవన్న సంగతి అలాంటి ఫోటోలలో స్పష్టంగా కనిపించింది. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవుల్లో ఉల్లాస్ కారంత్ ఆ చారల ఆధారంగానే పులులను లెక్కించే గణిత పద్ధతిని స్థిరపరిచాడు. 1995లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం తరవాత పాదముద్రల లెక్క క్రమంగా వెనకబడింది. మన నల్లమలలో కూడా ఇవాళ పులి ఉనికికి రుజువు చెట్టుకు కట్టిన కెమెరాయే.

2018 పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలు పెట్టారు. అవి 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు తీశాయి. వాటిలో పులులవి 76,651. అంటే సుమారు 455 ఫోటోలకు ఒక పులి ఫోటో! ఈ నిష్పత్తిని కాస్త గుర్తుపెట్టుకోండి. కదలిక కెమెరా చాకచక్యమంతా చూడటంలోనే ఉంది. ఏది చూడదగిందో దానికి తెలియదు. ఇంట్లోనూ అంతే. దొంగ ఒక్కడు వస్తే పిల్లి వందసార్లు వస్తుంది.

అడవి కెమెరాకు పాత జబ్బు ఒకటి వదల్లేదు. ఫోటో చూడాలంటే మనిషి కాలినడకన ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాలి. దొంగవేటగాడు ముందుగా వెళితే కెమెరాతో పాటు ఫోటో కూడా పోతుంది. ఇంటి కథలోని చిక్కే ఇది.

క్వీన్స్‌లో ఒక నర్సు

ప్రమాదం జరిగిన చోటు ఒకటి, కబురు అందే చోటు మరొకటి కావాలన్న ఆలోచన కెమెరాకంటే పాతది. 1853లో అమెరికాలో అగస్టస్ పోప్ అనే ఆయన తలుపు తెరిస్తే గంట మోగే విద్యుత్ పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఆ హక్కులు కొన్నాడు. దుకాణంలో గంట మోగితే దొంగ పారిపోతాడు గాని దొరకడు కదా! అందుకని ఆయన బోస్టన్ నగరంలోని దుకాణాల నుంచి తన కార్యాలయానికి తీగలు లాగాడు. గంట అక్కడ మోగేది. 1877లో టెలిఫోను కొత్తగా వచ్చినప్పుడు ఈ దొంగల తీగలనే వాడి మాటలు కలిపారు. బోస్టన్ తొలి టెలిఫోన్ ఎక్స్చేంజి అలా మొదలైంది.

ఇంటికి కెమెరాను తెచ్చిన ఘనత మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సుది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఉండేది. ఉద్యోగరీత్యా ఆమెకూ, ఎలక్ట్రానిక్స్ నిపుణుడైన భర్త ఆల్బర్ట్‌కూ ఇల్లు చేరే వేళలు ఒకటి కావు. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు తడితే తెరవాలా వద్దా? పోలీసుల్ని పిలిస్తే ఆ పేటకు వాళ్ళు త్వరగా వచ్చేవారు కాదు. దంపతులిద్దరూ కలిసి తలుపుకు వేరువేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే టెలివిజన్ కెమెరా, పడకగదిలో తెర, మాట్లాడటానికి మైకు అమర్చే పద్ధతిని రూపొందించారు. మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, మరో మీట నొక్కితే ఆపద కబురు వెళుతుంది. 1966 ఆగస్టు 1న దరఖాస్తు చేస్తే 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా తలుపుల పక్కన కనిపించే కెమెరా గంటల పూర్వీకుల్లో ఇది ముఖ్యమైనది. పెద్ద ప్రయోగశాలల్లో పుట్టిన ఆవిష్కరణల గురించి మనం చాలా చదువుతాం. పగలు ఉద్యోగం, రాత్రి భయం కలిసి పుట్టించిన ఆవిష్కరణ ఇది. అందుకే దీన్ని ఒకింత ఎక్కువగా చెప్పాను.

మూసిన తీగలమీద నడిచే టెలివిజన్ అంతకుముందే, 1942లో, జర్మనీలోని పీనెముండేలో రాకెట్ల ప్రయోగాలను దూరంనుంచి చూడటానికి వాడారు. అయితే అప్పటి కెమెరా చూపించేదే గాని గుర్తుంచుకునేది కాదు. 1956లో ఆంపెక్స్ కంపెనీ తయారుచేసిన వీడియో టేపు యంత్రంతో ఆ కొరత తీరింది. ఆ తరవాత టేపు చవకై దుకాణాల్లోకి వచ్చింది. కానీ కెమెరా గోడమీద ఉంటే టేపు యంత్రం గల్లాపెట్టె కింద ఉండేది. తెలిసిన దొంగ ముందు టేపు బయటికి లాగేవాడు.

మరచిపోని ట్రాన్సిస్టర్

టేపుకు మోటారు కావాలి, ఫిల్ముకు కడిగే గది కావాలి. ఈ రెండూ అక్కర్లేని జ్ఞాపకానికి బీజం 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పడింది. కొరియాలో పుట్టిన డావన్ కాంగ్, చైనాలో పుట్టిన సైమన్ జీ ఇద్దరూ కలిసి ట్రాన్సిస్టర్‌లో ఒక లోహపు పొరను నాలుగువైపులా విద్యుత్ బంధకంతో మూసేశారు. తలుపూ కిటికీ లేని గది అనుకోండి. అందులోకి ఎలక్ట్రాన్లను ఎలా పంపుతారు? బంధకం పొర బాగా పలచగా ఉండి, తగినంత వోల్టేజి పెడితే క్వాంటమ్ సూత్రాల ప్రకారం కొన్ని ఎలక్ట్రాన్లు గోడకు ఇవతల మాయమై అవతల తేలతాయి. దీన్ని టన్నెలింగ్ అంటారు. లోపలికి చేరినవి కరెంటు తీసేసినా ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఉంటే సున్న, లేకపోతే ఒకటి. ఫోటో అంతా ఈ సున్నలూ ఒకట్లే.

జపాన్‌లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా దీన్ని చవక చేసే దారి కనిపెట్టాడు. ఒక్కొక్క గదినీ విడిగా చెరిపే ఏర్పాటు మానేసి, గదుల గుంపు మొత్తాన్ని ఒక్క దెబ్బతో చెరిపేట్టు అమర్చాడు. అలా చెరగటం కెమెరా ఫ్లాష్ మెరుపులా ఉందని తోటి ఉద్యోగి ఒకాయన అనటంతో దానికి ఫ్లాష్ మెమరీ అన్న పేరు స్థిరపడింది. 1984లో ఒకటి, 1987లో ఇంకా చవకైన నాండ్ రకం వెలువడ్డాయి. కెమెరా నుంచి పేరు అరువు తెచ్చుకున్న ఈ మెమరీయే తరవాత కెమెరాలోని ఫిల్మును బయటికి గెంటింది. కనిపెట్టినవాడికి మాత్రం కంపెనీ ఇచ్చింది బహు కొద్ది. ఆయన 2004లో కోర్టుకెక్కితే 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లతో రాజీ కుదిరింది.

అమెరికాలో 1988లో మొదలై తరవాత శాన్‌డిస్క్‌గా పేరుపొందిన సంస్థ ఈ మెమరీని కార్డుల రూపంలోకి తెచ్చింది. దాని ముగ్గురు స్థాపకుల్లో ఒకరు కాన్పూరులో పుట్టి, పిలానీలో చదువు మొదలుపెట్టిన సంజయ్ మెహరోత్రా. 1999లో శాన్‌డిస్క్, తోషిబా, మత్సుషిత కంపెనీలు కలిసి ఎస్.డి. కార్డును ప్రకటించాయి. పొడవు 32 మి.మీ., వెడల్పు 24 మి.మీ., మందం 2.1 మి.మీ. వెనకవైపు తొమ్మిది రాగిరంగు స్పర్శలు. ఈ కొలతలు ఎందుకు చెబుతున్నానంటే, తరవాత ఇంతలోనే ఒక రేడియోను ఇరికించాల్సి వచ్చింది.

కార్డులో దూరిన రేడియో

1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతల ఉన్న గంటను రేడియో తరంగాలతో మోగించి చూపాడు. తీగ లేకుండా గోడ దాటవచ్చని అప్పుడే తెలిసింది. కానీ ప్రతి ఇంట్లోనూ ఎవరి రేడియో వారు నడుపుకుంటే? అందుకే ప్రభుత్వాలు లైసెన్సు లేనిదే ఒప్పుకోలేదు. 1985లో అమెరికా ప్రభుత్వం మైక్రోవేవ్ పొయ్యిలకు వదిలేసిన 2.4 గిగాహెర్ట్జ్ వంటి పట్టీలలో సందేశాలను కూడా స్వేచ్ఛగా పంపుకోవచ్చంది. 1997లో ఆ పట్టీకి తొలి ప్రమాణం వచ్చింది, 1999లో వై-ఫై అన్న పేరు వచ్చింది. మన దేశంలో ఇంటా బయటా లైసెన్సు లేకుండా దీన్ని వాడుకునే వీలు 2005 జనవరిలో కలిగింది.

అదే 2005లో కాలిఫోర్నియాలో ఐ-ఫై అనే చిన్న కంపెనీ పుట్టింది. 'ఐ' అంటే కన్ను. 2007 చివర వాళ్ళు 2 గిగాబైట్ల కార్డును వంద డాలర్లకు అటూ ఇటుగా అమ్మారు. ఆ కార్డులో ఫ్లాష్ మెమరీతో పాటు ఒక చిన్న కంప్యూటర్, రేడియో, ఏంటెన్నా ఉన్నాయి. ఇందులోని తెలివి ఏమిటంటే, ఈ సంగతులేవీ కెమెరాకు తెలియవు. కెమెరా దృష్టిలో అది మామూలు కార్డు. తీసిన ఫోటోను అందులో రాస్తుంది, అంతే. కార్డు మాత్రం కెమెరాకు చెప్పకుండా ఆ ఫోటోను ఇంట్లోని రౌటర్ ద్వారా కంపెనీ సర్వర్‌కూ, అక్కడి నుంచి యజమాని కంప్యూటర్‌కూ పంపేస్తుంది. అత్తగారికి తెలియకుండా పుట్టింటికి ఉత్తరాలు రాసే కోడలిలాగ!

కంపెనీవారు దీన్ని పెళ్ళి ఫోటోలూ పిల్లల ఫోటోలూ తేలిగ్గా చేరవేయటానికి అమ్మారు. దొంగల సంగతి వాళ్ళ ప్రకటనల్లో లేదు. 2008లో అనుకోని సంఘటన జరిగింది. ఫ్లోరిడాకు సెలవులకు వెళ్ళిన ఒక మహిళ కెమెరా పోయింది. చంటిబిడ్డ ఫోటోలు పోయాయని ఆమె దిగులుపడింది. ఇంటికి వచ్చాక చూస్తే కంప్యూటర్లో ఆ ఫోటోలు ఉన్నాయి! కెమెరా తీసుకున్నవాళ్ళు తమ ఫోటోలు తామే తీసుకున్నారు. తాళం లేని వై-ఫై దగ్గరికి చేరగానే కార్డు బిడ్డ ఫోటోలతో పాటు వాళ్ళ ముఖాలను కూడా ఇంటికి పంపేసింది. పత్రికలన్నీ ఈ వార్త రాశాయి.

ఈ వార్త తరవాత ఒక ఊహ సహజంగా పుడుతుంది. ఇదే కార్డును కదలిక పసిగట్టే కెమెరాలో పెడితే? దొంగ కెమెరాను పట్టుకుపోయినా ఫోటో అప్పటికే ఊరు దాటి ఉంటుంది కదా!

కెమెరా నిద్రపోతే

ఊహ గొప్పదే. చిక్కంతా కరెంటు దగ్గర వచ్చింది.

కార్డుకు సొంత బ్యాటరీ లేదు. ఆ తొమ్మిది స్పర్శల గుండా కెమెరా ఇచ్చే 3.3 వోల్టులే దానికి ఆహారం. కదలిక కెమెరా నెలల తరబడి పెన్సిల్ సెల్సు మీద బతకాలి కాబట్టి దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. సూచిక తట్టి లేపితే లేస్తుంది, ఫోటో తీస్తుంది, కార్డులో రాస్తుంది, వెంటనే మళ్ళీ నిద్రపోతుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. నిద్రపోతూ కార్డుకు ఇచ్చే కరెంటు కూడా ఆపేస్తుంది.

కార్డు వైపు నుంచి చూడండి. ఒక మెగాబైటు ఫోటో అంటే 80 లక్షల బిట్లు. సెకనుకు 40 లక్షల బిట్ల వేగం దొరికినా పంపటానికి 2 సెకన్లు చాలు. కానీ పంపటానికి ముందు పెద్ద తతంగం ఉంది. కార్డులోని కంప్యూటర్ లేవాలి, చుట్టూ ఏయే రౌటర్లు ఉన్నాయో వెతకాలి, తన రౌటర్‌ను గుర్తుపట్టాలి, రహస్యపదం చెప్పాలి, చిరునామా తీసుకోవాలి, దూరాన ఉన్న సర్వర్‌ను పలకరించాలి. అది పూర్తయ్యేలోగా కెమెరా కళ్ళు మూసేస్తుంది. మొదటి ఫోటో గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మళ్ళీ ఎవరైనా కదిలితేనే దానికి బయటపడే అవకాశం. దొంగ ఒక్కసారే వచ్చి కెమెరాతో సహా పోతే ఆ అవకాశమూ లేదు.

దీనికి మందులు లేకపోలేదు. కొన్ని కెమెరా కంపెనీలు ఈ కార్డును గుర్తుపట్టి, పంపటం పూర్తయ్యేదాకా మేలుకుని ఉండే ఏర్పాటు చేశాయి. అవి చేత్తో పట్టుకుని తీసే కెమెరాలు, చెట్టుకు కట్టేవి కావు. మరికొందరు ఔత్సాహికులు ఒక ఫోటోకు బదులు వరసగా పది ఫోటోలు తీయించి కెమెరాను మేలుకొలిపి ఉంచారు. కానన్ కెమెరాల కోసం అభిమానులు 2007 ప్రాంతంలో రాసిన ఒక ఉచిత ప్రోగ్రాం ఇంకో దారి చూపింది. మామూలు జేబు కెమెరాను గోడ కరెంటుకు కలిపి ఎప్పుడూ మేలుకుని ఉంచితే, ఆ ప్రోగ్రాం దృశ్యాన్ని గళ్ళుగా విడగొట్టి ఒక్కొక్క గడిలోని వెలుగును క్షణక్షణం పోల్చి చూసేది. తేడా వస్తే ఫోటో తీసేది. ఇందులో వేడి సూచిక అవసరమే లేదు, రెంటచింతల ఎండ బెడదా లేదు. కానీ చీకటి పడితే ఆ కన్ను గుడ్డిది. పైగా కరెంటు పోతే రెండూ పోతాయి. మన ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. దొంగ మెయిన్ స్విచ్ ఆపితే రౌటర్ ఆగుతుంది. రౌటర్ ఆగితే కార్డు మూగదే.

కంపెనీ నిద్రపోతే

మరో బలహీనత పైకి కనపడకుండా దాగి ఉంది. ఐ-ఫై కార్డు మీ బల్లమీది కంప్యూటర్‌తో పనిచేయటానికి కూడా కంపెనీ సేవలతో ముడిపడి ఉంది. కార్డు కొన్నది మీరే, ఫోటో తీసింది మీరే, రౌటర్ మీదే. మధ్యలో ఉన్న తాళంచెవి మాత్రం ఎక్కడో కాలిఫోర్నియాలో ఉంది. 2016 సెప్టెంబరు 16న కంపెనీ పాత కార్డులకు సేవలు ఆపేసింది. కార్డుల్లోని రేడియో పాడు కాలేదు. వినేవాడే లేకుండా పోయాడు.

తోషిబా 2012లో అమ్మిన ఫ్లాష్‌ఎయిర్ కార్డు వేరే దారిలో నడిచింది. అది తానే ఒక చిన్న వై-ఫై కేంద్రం. దగ్గరున్న ఫోనుకు నేరుగా ఫోటోలు ఇచ్చేది, దూరపు సర్వర్‌తో పని లేదు. ఎవరి సేవలు ఆగినా దాని పని ఆగదు. అయితే ఫోను ఆ గది దగ్గరలో ఉండాలి. దొంగతనం జరిగేది మనం దగ్గర లేనప్పుడే కదా! నా ఉద్దేశంలో కాపలాకు అక్కరకు రాకపోయినా, నమ్మకానికి ఇదే మెరుగైన నమూనా.

చివరికి కార్డులో రేడియో అన్న ఆలోచనే వెనకబడింది. కెమెరాలోనే వై-ఫై పెట్టేశారు. సూచిక, రేడియో, బ్యాటరీ మూడూ ఒకే యజమాని మాట వింటే ఎవరు ఎప్పుడు నిద్రపోవాలో ముందే ఒప్పందం కుదురుతుంది. ఇలాంటి కెమెరాలు అమ్మిన డ్రాప్‌కామ్ కంపెనీని 2014లో గూగుల్ వారి నెస్ట్ సంస్థ 55 కోట్ల 50 లక్షల డాలర్లకు కొంది. అదే డ్రాప్‌కామ్ కెమెరాలకు 2024 ఏప్రిల్ 8న సేవలు ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళ క్రితం కార్డుకు పట్టిన గతే కెమెరాకూ పట్టింది.

దూరపు సర్వర్ ప్రైవేటు కంపెనీదే కానక్కర్లేదు. 2017 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసం ఒక పథకం తెచ్చారు. ఊరెళ్ళేవారు ముందుగా తెలియజేస్తే పోలీసులే ఇంట్లో కదలిక కెమెరా పెట్టివెళతారు. లోపల ఎవరైనా కదిలితే కబురూ దృశ్యమూ కంట్రోల్ రూముకు చేరతాయి. బోస్టన్‌లో హోమ్స్ లాగిన తీగల పనే ఇది. ఈసారి తీగ లేదు.

ఫోటో దూరం చేరింది. ఇక న్యాయస్థానం దాన్ని నమ్మాలి. మన సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ప్రత్యేక నిబంధన 2000లో చేరింది. అసలు పరికరాన్నే కోర్టుకు తెస్తే ఒక పద్ధతి, నకలు తెస్తే మరొక పద్ధతి. నకలుకు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2020లో మళ్ళీ స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఆ ధ్రువపత్రంలో ఫైలు 'హ్యాష్' విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని బిట్లన్నిటినీ కలిపి నూరి తీసిన వేలిముద్ర వంటి సంఖ్య. ఒక్క బిట్టు మారినా అది పూర్తిగా మారిపోతుంది.

ఐ-ఫై తరవాతి కార్డుల్లో ఒక సౌకర్యం ఉండేది. ఫోటో భద్రంగా చేరిందని తెలియగానే కార్డులోని ప్రతిని చెరిపేసి కొత్తవాటికి చోటు చేసేది. విహారయాత్రకు అది మంచిదే. కాపలా కెమెరాలో అయితే అసలు చెరిగిపోయి నకలు మాత్రమే మిగులుతుంది. సర్వర్ ఆ ఫోటోను దాచేటప్పుడు చోటు కలిసివస్తుందని కుదించిందంటే హ్యాష్ కూడా మారిపోతుంది. చూడటానికి అదే ముఖం, అదే గూడు, అదే అర్ధరాత్రి. వేలిముద్ర మాత్రం వేరు. ఇప్పుడు అమ్ముతున్న చాలా కెమెరాల్లో వై-ఫైతో పాటు మైక్రో ఎస్.డి. కార్డు పెట్టుకునే చిన్న సందు కూడా ఉంటుంది. కొన్నవాళ్ళు ఆ సందును ఖాళీగా వదిలేస్తుంటారు.